యాప్‌లో గిరాకీ ఉంది, గల్లాలో డబ్బు లేదు

ప్రశ్న: నమస్తే సార్. మాది కేపీహెచ్‌బీ కాలనీలో చిన్న కర్రీ పాయింట్. నేనూ మా ఆయనా, ఇద్దరు హెల్పర్లు. హాస్టల్ పిల్లలు, చుట్టుపక్కల ఉద్యోగస్తులు మా గిరాకీ. పోయిన ఏడాది ఒక డెలివరీ యాప్‌లో చేరాం. ఆర్డర్లకు కొదవ లేదు, రాత్రి ఎనిమిది దాటితే ఫోన్ మోగుతూనే ఉంటుంది. నెలాఖరుకు మాత్రం చేతిలో ఏమీ ఉండట్లేదు. పైగా కౌంటర్‌కి వచ్చేవాళ్లు తగ్గారు. కూర కారిపోయిందని ఎవరైనా ఫొటో పెడితే మా డబ్బు కట్. మా మరిది కూడా డెలివరీ బండి నడుపుతాడు. "మీ హోటళ్లవాళ్లే మమ్మల్ని నిలబెట్టి చంపుతారు" అని ఇంట్లోనే గొడవ. మా ఆయన యాప్ తీసేద్దామంటారు. మా అబ్బాయి యాడ్స్ పెంచుదామంటాడు, యాప్‌లో బిర్యానీ హోటళ్లు బతుకుతున్నాయి, మనం ఎందుకు బతకం అంటాడు. కంపెనీ నుంచి ఫోన్ చేసే అమ్మాయేమో పది నిమిషాల డెలివరీలో చేరమంటోంది. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. యాప్‌వాళ్లు ఇచ్చిన ఒక వారం సెటిల్‌మెంట్ కాగితం, మా సరుకు ఖర్చు, మా అబ్బాయి వేసిన లెక్క కూడా పంపుతున్నాను.
— పేరు వద్దు, కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాద్

జవాబు: అమ్మా, చిన్న హోటళ్ల లెక్కలు రాయడం నా వృత్తి. మీలాంటి కాగితాలు తరచూ చూస్తుంటాను. పైన మొత్తం అమ్మకం లావు అక్షరాల్లో ఉంటుంది. మీ ఖాతాలో పడేది అడుగున ఎక్కడో ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న కటింగ్‌లు చదివే ఓపిక రాత్రి పదకొండింటికి షాపు కట్టేసి వచ్చినవాళ్లకు ఉండదు. అందుకని ఒక్క ఆర్డరు తీసుకుని నేనే చదువుతాను.

మీరు అమ్మే ఇద్దరికి సరిపడే కాంబో చూద్దాం. అన్నం, పప్పు, వేపుడు, కూర, సాంబారు. కౌంటర్లో 180. యాప్‌లో 240 పెట్టి, 40 తగ్గింపు ఇస్తున్నారు. ఆ తగ్గింపు మీ జేబులోంచే. ప్యాకింగ్ 10 కలిపితే బిల్లు 210. దాని మీద 25 శాతం కమీషన్, అంటే 52 రూపాయల 50 పైసలు. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ మరో 9 రూపాయల 45 పైసలు. 5 శాతం పన్ను స్లాబులో ఉన్న హోటలు ఈ జీఎస్టీని వెనక్కి రాబట్టుకోలేదు, కాబట్టి అది అచ్చంగా ఖర్చే. వారానికి 1,500 యాడ్స్‌కి పెట్టారు, ఆ వారం 100 ఆర్డర్లు వచ్చాయి. అంటే ఆర్డరుకు 15. ఇవన్నీ పోను మీకు వచ్చింది 133. ముడిసరుకు 95 పడుతుందని మీరే రాశారు. ఐదు డబ్బాలు, ఒక బ్యాగు కలిపి 24. చివరికి మిగిలింది 14 రూపాయలు. గ్యాసు, హెల్పర్ల జీతాలు, అద్దె, కరెంటు బిల్లు ఇంకా ఇందులోంచే పోవాలి.

అదే కాంబో కౌంటర్లో ఇస్తే 180లో 95 సరుకు, కవర్లకు మూడు రూపాయలు పోను 82 మిగులుతుంది.

ఇంతకీ తినేవాడు ఎంత కట్టాడనుకున్నారు? మీ 210కి ఐదు శాతం జీఎస్టీ, 30 డెలివరీ చార్జీ, 12 ప్లాట్‌ఫామ్ ఫీజు, ఆ రెంటి మీద 18 శాతం పన్ను కలిపితే 270. కౌంటర్ దగ్గర 180కి వచ్చే భోజనానికి 90 ఎక్కువ ఇచ్చాడు. ఆఫర్లో కొన్నానని సంతోషంగా కూడా ఉన్నాడు. తిండి మీద పడే ఆ ఐదు శాతం జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి యాప్ కంపెనీయే వసూలు చేసి ప్రభుత్వానికి కడుతోంది. కాబట్టి దాన్ని మీ ఆదాయంలో కలుపుకోకండి. మీ అబ్బాయి వేసిన లెక్కలో అది కలిసినట్టుంది.

14 రూపాయలైనా మిగులే కదా, ఎలాగూ పొయ్యి వెలుగుతోంది, హెల్పర్లు ఉన్నారు, అంటాడేమో అబ్బాయి. అతని మాటలో న్యాయం ఉంది, కానీ ఒక షరతు మీద. ఆ ఆర్డరు మీకు కొత్తగా రావాలి. యాప్ లేకపోతే మీ మొహం చూడని మనిషి, ఏ ప్రగతినగర్‌లోనో మియాపూర్‌లోనో ఉన్న మనిషి, మీ కూర తింటే 14 లాభమే. మీ వెనక వీధి హాస్టల్ కుర్రాడు నడిచి రావడం మానేసి మంచం మీంచే ఆర్డరు పెడితే మాత్రం 82 మిగలాల్సిన చోట 14 మిగిలింది. 68 రూపాయలు మీరే కాలదన్నుకున్నారు. కౌంటర్‌కి వచ్చేవాళ్లు తగ్గారని మీరు ఉత్తరంలో మామూలుగా రాసిన వాక్యమే నాకు అన్నిటికన్నా పెద్దగా కనబడింది.

ఇది తేల్చుకోవడం కష్టమేమీ కాదు. యాప్ మామూలుగా మీకు కస్టమర్ నంబరు ఇవ్వదు, ఎవరో తెలియనివ్వదు. కానీ పార్శిల్ తీసుకెళ్లే అబ్బాయికి ఎటు వెళుతున్నాడో తెలుసు. ఏ వైపు బాబూ అని అడిగితే చెబుతాడు, ఇల్లు ఎవరిదని అడగక్కర్లేదు. ఒక వారం పాటు ఆర్డరు స్లిప్పు మీద దగ్గరైతే 'ద', దూరమైతే 'దూ' అని రాసి డబ్బాలో పడేయండి. సగం దాకా 'ద'లే వస్తే మీ ఆయన మాటలో నిజముంది.

కస్టమర్ వివరాలు దాచేస్తారనే బాధ మీ ఒక్కరిదే కాదు. తగ్గింపుల భారం మోయలేక దేశంలోని రెస్టారెంట్ల సంఘం 2019 ఆగస్టులోనే యాప్‌ల నుంచి బయటికొచ్చేస్తామంటూ లాగౌట్ ఉద్యమం చేసింది. 2021లో జొమాటో, స్విగ్గీల మీద, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2022 ఏప్రిల్‌లో కమిషన్ విచారణకు ఆదేశించింది. అది తేలేదాకా మీ షాపు ఆగదు కాబట్టి మీ పని మీరు చూసుకోవాలి.

మీ అబ్బాయికి విడిగా ఒక మాట. యాప్‌లో బిర్యానీ హోటళ్లు బతుకుతున్నాయి, మనం ఎందుకు బతకం అని అడిగాడని రాశారు. ఈ ఊళ్లో బిర్యానీ లెక్కే వేరు. ఒకే హండీలో యాభై మందికి దిగుతుంది. ఒక డబ్బా, ఒక రైతా, ఒక సాలన్. బిల్లు మూడు వందలు దాటుతుంది. అరగంట బండి మీద తిరిగినా పాడవదు, మూత తీస్తే ఆవిరి వస్తుంది. కర్రీ పాయింట్ పుట్టిందే దానికి ఎదురుగా. ఇంట్లో కుక్కర్లో అన్నం పెట్టుకుని, ఆఫీసు నుంచి వస్తూ ఓ పప్పు ప్యాకెట్టు, ఓ వేపుడు పట్టుకెళ్లే మనిషి కోసం వచ్చిన వ్యాపారం ఇది. నలభై రూపాయల దొండకాయ వేపుడికి డెలివరీ చార్జీ ఎవడు కడతాడు? అందుకే యాప్ కోసం దాన్ని బలవంతంగా కాంబో చేశారు. ఐదు రకాలకు ఐదు డబ్బాలు. వాటిలో ఒక్క సాంబారు మూత వదులైతే చాలు, మొత్తం బ్యాగు తడిసి ఫొటో తయారు.

ఆ ఫొటోల సంగతి. ఒక్క రిఫండ్‌లో 200 పోతే పద్నాలుగు ఆర్డర్ల మిగులు పోయినట్టే. మీ కాగితంలో ఆ వారం మూడున్నాయి. ఫిర్యాదు చేసేవాళ్లందరూ అబద్ధం చెబుతున్నారని అనకండి. వేడి వేడి సాంబారు పోసి వెంటనే మూత బిగిస్తే ఆవిరికి మూత లేస్తుంది. రెండు నిమిషాలు ఆగి బిగించి, మూత చుట్టూ టేపు వేయండి. బ్యాగు కట్టేముందు డబ్బాలన్నీ వరసగా పెట్టి, ఆర్డరు స్లిప్పు కనబడేలా ఒక ఫొటో తీయమని హెల్పర్‌కి చెప్పండి. తక్కువ వచ్చిందన్న ఫిర్యాదు రాగానే, యాప్‌లో అభ్యంతరం తెలిపేందుకు ఇచ్చిన గడువు లోపల ఆ ఫొటో పెట్టాలి. మీరు ఒక్కదానికీ అభ్యంతరం చెప్పలేదని కాగితమే చెబుతోంది. అడగకపోతే కట్ అయింది కట్ అయినట్టే.

ఇక ఆ పది నిమిషాల డెలివరీ. వద్దు. 2024 అక్టోబరులో స్విగ్గీ బోల్ట్ అని మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ తొందర హోటల్ తిండికీ అంటుకుంది. మీ దగ్గర కూరలు ముందే వండి గిన్నెల్లో ఉంటాయి. అందుకే ఆ అమ్మాయి మీ వెంట పడుతోంది. కానీ పది నిమిషాల్లో చేరాలంటే ఇల్లు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపలే ఉండాలి. వాళ్లే మీ కౌంటర్ మనుషులు. మీ గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్లేవాళ్లను మీకే పరిచయం చేసినందుకు పాతిక శాతం ఇచ్చుకోవడమేమిటి?

మీ మరిది మాట దగ్గరికి వద్దాం. ఇంట్లో గొడవ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, ఈ విషయంలో అతనిదే పైచేయి. కూర గిన్నెలో ఉన్నా సరే, రష్‌లో ప్యాకింగ్ ఆలస్యమవుతుంది. ఆలస్యం లెక్కల్లో పడి రేటింగ్ తగ్గుతుందని చాలా షాపుల్లో అన్నం డబ్బాలో పెట్టకముందే ఫోన్లో 'రెడీ' నొక్కేస్తారు. మీరూ నొక్కుతున్నారేమో చూసుకోండి. కంపెనీ లెక్కలో మీరు చురుకైన షాపు. మీ మెట్ల కింద మాత్రం నలుగురు కుర్రాళ్లు హెల్మెట్లు చేతికి తగిలించుకుని కౌంటర్ వంక చూస్తూ నిలబడి ఉంటారు. ఆ నిలబడ్డ ఇరవై నిమిషాల్లో అతను ఇంకో ఆర్డరు వేసుకునేవాడు. ఇన్సెంటివ్‌కి రెండు ఆర్డర్లు తక్కువ పడితే ఆ రోజు పడ్డ కష్టంలో పెద్ద ముక్క పోతుంది. పార్శిల్ లేటైందని కస్టమర్ తిట్టేది కూడా అతన్నే.

పెట్రోలు అతనిది, బండి కిస్తీ అతనిది, డేటా ప్యాకూ అతనిదే. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్ల సమ్మెతో బంకుల దగ్గర బారులు తీరినప్పుడు చంచల్‌గూడలో ఒకతను గుర్రం మీద పార్శిల్ తీసుకెళ్లాడు. ఆ వీడియో చూసి ఊరంతా నవ్వుకున్నాం. పెట్రోలు దొరక్కపోతే గుర్రాన్ని వెతుక్కునే బాధ్యత కూడా అతనిదేనా అని అడిగినవాళ్లు తక్కువ. అంతకు ఏడాది ముందు బంజారాహిల్స్‌లో పార్శిల్ ఇవ్వడానికి వెళ్లిన కుర్రాడు, కస్టమర్ ఇంట్లో కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఇలా యాప్‌ల కోసం పనిచేసే గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమా ఇస్తామని 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రకటించినప్పుడు ఆ సంఘటనను గుర్తుచేశారు. కేంద్రం తెచ్చిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఈ కార్మికుల నిధికి ఇవ్వాలని అందులో ఉంది. ఆ డబ్బు ఏ రూపంలో అందినా, ముందు పేరు నమోదై ఉండాలి. మీ మరిదిని అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-శ్రమ్‌లో రిజిస్టర్ చేయించండి. అతని యాప్‌లో ప్రమాద బీమా పేజీ తెరిచి నామినీ పేరు ఉందో లేదో చూడమనండి. బండి ఇన్సూరెన్సు సొంత వాడకానికి తీసుకున్నదైతే ఏజెంటుతో మాట్లాడమనండి. డెలివరీకి తిప్పుతున్న బండి అని తెలిస్తే క్లెయిమ్ దగ్గర కొర్రీలు పెట్టొచ్చు. నెలకు ముప్పై వేలు సంపాదిస్తున్నానని అతను అనుకుంటే, పెట్రోలు, సర్వీసింగ్, టైర్లు తీసేసి చెప్పమనండి. మీ కాగితం చదివినట్టే అతనిదీ చదవాలి. వదిన దగ్గర కూర్చుని లెక్క వేసుకుంటే ఇద్దరికీ గొడవ తగ్గొచ్చు.

ఇప్పుడు చేయాల్సింది. యాప్ మొత్తంగా తీసేయమని చెప్పను. తగ్గించమంటాను.

రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కౌంటర్ దగ్గర జనం ఉండే వేళ యాప్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టండి. మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఆన్ చేయండి. జాబితాలో కిందికి పోతాం అని అబ్బాయి భయపడతాడు, పోతారు కూడా. పోతే పోనివ్వండి. 'రెడీ' ముందే నొక్కాల్సిన అవసరమూ, మెట్ల కింద కుర్రాళ్లు నిలబడే అవసరమూ సగానికి సగం తగ్గుతాయి. మెనూలోంచి పప్పు, సాంబారు కాంబోలు తీసేసి పెద్ద బిల్లు వచ్చేవి, తక్కువ డబ్బాల్లో పట్టేవి ఉంచండి. బగారా అన్నం, కోడి కూర. ఆదివారం గోంగూర మటన్. 40 తగ్గింపు ఎత్తేయండి. అది లేకపోతే కొనని మనిషి, రేపు ఇంకో షాపు 50 తగ్గిస్తే అక్కడికి పోతాడు. యాడ్స్ ఒక నెల పూర్తిగా ఆపండి. ఆపినా రోజుకి పది, పన్నెండు ఆర్డర్లు వస్తే అవి మీ వంట చూసి వస్తున్నవి. యాప్ రేటు, కౌంటర్ రేటు వేరుగా ఉండటం గురించి మీ అగ్రిమెంటులో ఏముందో మాత్రం ముందు చదువుకోండి. కాంపిటీషన్ కమిషన్ విచారణలో ఈ రేట్ల షరతులు కూడా ఒక అంశం.

ఆ యాడ్స్ డబ్బులో కొంత దగ్గరి మనుషుల మీద పెట్టండి. పొద్దున పదకొండింటికి, సాయంత్రం ఆరింటికి ఈ పూట కూరలేమిటో వాట్సాప్‌లో పెట్టండి. ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకున్నవాళ్లకు ఓ గరిటె ఎక్కువ వేయండి. పల్చటి ప్లాస్టిక్ కవర్లలో వేడి సాంబారు పోసే అలవాటూ తగ్గుతుంది, అది ఎలాగూ మానాల్సిందే. హాస్టల్ పిల్లలకు నెల ఖాతా పెట్టండి. ఫోన్‌పేలో ముందే కడితే నాలుగు పూటలు ఉచితం లాంటిదేదో ఒకటి. కిలోమీటరు లోపల ఇళ్లకు రాత్రి రెండు గంటలు తిప్పడానికి ఒక మనిషిని పెట్టుకోండి. మీ మరిదికి ఇష్టమైతే అతన్నే. అయితే పూటకు ఇంత, పెట్రోలుకు ఇంత అని మొదటి రోజే మాట్లాడుకుని వారం వారం చేతిలో పెట్టండి. ఇంటివాడే కదా అని వాయిదా వేశారో, కమీషన్ కన్నా ఎక్కువ ఖర్చవుతుంది. కేంద్రం చొరవతో వచ్చిన ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్ ఓఎన్‌డీసీ గురించి కూడా అడిగేవాళ్లున్నారు. కమీషన్ తక్కువే, పేరు ఎక్కించుకోవడంలో తప్పు లేదు. కానీ ఆర్డర్లు దానంతటవే వచ్చి పడతాయని దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి.

తినేవాళ్లు కూడా ఈ శీర్షిక చదువుతారు కాబట్టి వాళ్లకు కాస్త. 2023లో రెండు రూపాయలతో మొదలైన ప్లాట్‌ఫామ్ ఫీజు ఇప్పుడెంతయిందో మీ పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి. యాప్‌లో కనబడే నాలుగు హోటల్ పేర్ల వెనక ఒకే వంటగది ఉండొచ్చు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరు, అడ్రసు కలిస్తే తెలిసిపోతుంది. నిజంగా పాడైన తిండి వచ్చి, చాట్‌లో యంత్రం చెప్పిందే చెబుతుంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. రెండు వీధుల అవతల ఉన్న షాపుకైతే చెప్పులేసుకుని నడిచి వెళ్లండి, 90 రూపాయలు మిగులుతాయి.

అమ్మా, నెల తర్వాత స్లిప్పుల డబ్బా తీసి చూస్తే పరిస్థితి మీకే అర్థమవుతుంది. అప్పటికీ మీ ఆయన తీసేద్దామనే అంటే ఒక్క రోజులో కట్టేయకండి. ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో అగ్రిమెంటులో చూడండి. పెండింగ్ సెటిల్‌మెంట్లు, యాడ్స్ బాకీ తేల్చి ఈమెయిల్లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. కమీషన్ ఇన్వాయిస్‌లన్నీ డౌన్‌లోడ్ చేసి మీ ఆడిటర్‌కి ఇవ్వండి, లాగిన్ పోయాక అవి దొరకవు. ఇంకొకటి, గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు పేరు మీద మీ అబ్బాయి పాత ఫోన్ నంబరు ఉంది. నేను చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. అది ఈ రోజే మార్చండి.